మూడో గడిలో గీత

చెయ్యవలసిన పనులు ఇవి. శ్రీరమ్యను కూర్చోనివ్వకూడదు, కూర్చుంటే తొడలు బిగుసుకుంటాయి. ఆరేడు నిమిషాలకోసారి ఖాళీ బారు చేతికిచ్చి రెండుసార్లు లాగించాలి. నీళ్ళు గుక్కెడు గుక్కెడే ఇవ్వాలి. అరటిపండు సగం తింది, మిగతా సగం తొక్కలోనే దాచాలి. బొటనవేళ్ళకు చుట్టిన టేపు చెమటకు జారింది, కొత్తది చుట్టాలి. తువ్వాలు కొత్తది, పొద్దున మంగళగిరి బస్టాండు దగ్గర నేనే కొన్నాను, అది నా భుజం మీదే ఉండాలి, ఇంకో గుడ్డ ఏదీ ఆ పిల్ల మొహానికి తగలకూడదు. వాళ్ళమ్మ సుబ్బరావమ్మ గారికి ఫోన్ చేసి ఇంకా అవలేదని చెప్పాలి. వాళ్ళక్క ఆశ్రిత ఫోన్ చేస్తే ఎత్తాలి. కార్డులో మూడో గడిలో అంకె వెయ్యాలి. పిల్ల ఏడిస్తే నేను కంగారు పడకూడదు.

కరెంటు పోయి ఇప్పటికి పావుగంట. ఇది కల్యాణ మండపం, శూన్యమాసం కాబట్టి రాష్ట్ర స్థాయి వెయిట్‌లిఫ్టింగ్ ఎంపికలకు దొరికింది. పెళ్ళిపీటలు వేసేచోట చెక్క ప్లాట్‌ఫాం వేశారు, దాని మీద బారు, బారుకు ఎనభై కిలోలు తగిలించి ఉన్నాయి, శ్రీరమ్య పేరు పిలవబోతుండగా టక్కున అన్నీ ఆగిపోయాయి, రిఫరీల తెల్ల దీపాలూ ఎర్ర దీపాలూ, నిమిషం లెక్కపెట్టే గడియారం, మైకు, ఫ్యాన్లు. జనరేటరులో డీజిలు లేదట. వాచ్‌మన్ క్యాను పట్టుకుని మోటారు సైకిలు మీద వెళ్ళాడు, వెళ్ళినవాడు ఏ బంకులో ఉన్నాడో. పోటీల అధికారి త్యాగరాజు గారు కిటికీలన్నీ తెరిపించారు, ఏప్రిల్ గాలి లోపలికొచ్చి ఆయన బల్ల మీద కాగితాలన్నీ లేపింది. రిటైరైన హెడ్మాస్టరు ఆయన, కాగితం ఎగిరితే ప్రాణం ఎగిరినట్టే. ‘ఎవరి కార్డు వాళ్ళు పట్టుకోండి బాబూ, కరెంటొచ్చాక అంకె వేసి సంతకం పెట్టి తెచ్చివ్వండి’ అని తలా ఒకటి చేతిలో పెట్టేశారు. అందుకని కార్డు నా దగ్గరుంది. మూడు గడులు. మొదటి గడిలో డెబ్బై ఆరు, ఎత్తింది. రెండో గడిలో డెబ్బై తొమ్మిది, ఎత్తింది. మూడో గడి ఖాళీ. నేనేమీ రాయకపోతే ఒక కిలో దానంతటదే పెరిగి ఎనభై అవుతుంది, ఎనభై ఎత్తినా ఇప్పుడున్న నాలుగో స్థానంలోనే ఉంటుంది. ఎనభై ఒకటి ఎత్తితే మూడో స్థానం, కంచు పతకం, దాని సర్టిఫికెట్‌తో డిగ్రీ సీటు. ఎనభై మూడు ఎత్తితే రెండో స్థానం, జాతీయ పోటీల జట్టు. జట్టులోకి మొదటి ఇద్దరినే తీసుకుంటారు. జట్టులోకి వెళ్ళాక ఏముంటుందో మా షెడ్డులో ఎవరికీ తెలియదు, మా షెడ్డు నుంచి ఎవరూ వెళ్ళలేదు. పైనున్న రెండో అమ్మాయి, మూడో అమ్మాయి ముగించుకుని బూట్లు విప్పేశారు, వాళ్ళ భయం వాళ్ళు కూర్చుని అనుభవిస్తున్నారు. రెండు కిలోల తేడా. రెండు కిలోలంటే మా ఇంట్లో ఒక పూటకు వండే బియ్యం. శ్రీరమ్య ఇంతవరకు ఎత్తిన పెద్ద బరువు ఎనభై రెండు, అదీ ఒక్కసారి, షెడ్డులో, బయట వాన పడుతుంటే, నేనూ అలీ సాహెబూ తప్ప చూసేవాళ్ళు లేకుండా.

ఎనభై ఒకటే రాయాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది. సీటు వస్తుంది, వాళ్ళింట్లో మొదటి డిగ్రీ అవుతుంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, దాని విలువ నాకు తెలుసు. మా నాన్న బుల్లయ్య పత్తీ మిరపా వేసి నన్ను బీయెస్సీ చదివించాడు, తర్వాత నేను వ్యాయామ విద్యలోకి మారితే కళ్ళంలో కాయలు తిరగేస్తున్నవాడు పార ఆపి, ‘బరువులు మొయ్యకుండా బతకాలని చదివిస్తే బరువులెత్తడం నేర్పుతానంటావేంట్రా’ అన్నాడు. ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా అడిగితే మా వాడు బరువుల సారు అని చెప్తాడు, కొంచెం గర్వంగానే. సర్లే, శ్రీరమ్య ఏది. కిటికీ దగ్గర నిలబడింది. బయటకు చూడడం లేదు. అరచేతులు చూసుకుంటోంది. చూపుడువేలి కింద కాయ కాసిన చోట చర్మం లేచింది, కొరికేయకుండా ఉంటే బాగుండు. పిలిచాను. వచ్చింది. ఖాళీ బారు ఇచ్చాను. రెండుసార్లు లాగింది, మూడోసారి నేను చెప్పకుండానే లాగింది. ‘ఇంకెంతసేపు సార్’ అంది. ‘డీజిలు కోసం వెళ్ళాడమ్మా’ అన్నాను. ‘డీజిలు పిండి తెస్తున్నాడా సార్’ అంది. నవ్వాను. ఎంత వేస్తున్నారు అని మాత్రం అడగలేదు.

అడగదు. మా షెడ్డులో ఆడపిల్లలు అంకె అడగరు. అది మా పద్ధతి. ప్రత్తిపాడులో జిన్నింగు మిల్లు వెనక రేకుల షెడ్డు అది, అలీ సాహెబుది. కుర్రతనంలో పత్తి బోరేలు మోసిన హమాలీ, తర్వాత ఎక్కడో చూసి, నేర్చుకుని, పాత ఇరుసులతో బార్లు చేయించి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు, ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. నేను స్కూలు అయ్యాక అక్కడికే వెళ్తాను. ఆడపిల్లలకు బరువెంతో చెప్పకు, చెబితే బెదురుతారు, వెళ్ళి ఎత్తమను అంతే. ఇది నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు, అందరూ చెప్పారు. మగపిల్లలకు అలా కాదు, వాళ్ళు అడిగి మరీ వేయించుకుంటారు. నజీర్ ఉన్నాడు, వాడి మూడో ప్రయత్నానికి నేనెప్పుడూ అంకె వెయ్యలేదు, వాడే వేశాడు. ‘ఐదు పెంచండి సార్, చూస్తున్నారు సార్ అందరూ’ అంటాడు. అందరూ అంటే గోడ దగ్గర నిలబడ్డ నలుగురు ఇంటర్ పిల్లలు. ప్లాట్‌ఫాం ఎక్కే ముందు తొడలు చరుచుకుంటాడు, పైకప్పు చూసి అరుస్తాడు, బారు దగ్గరికి దెబ్బలాటకు వెళ్ళినట్టు వెళ్తాడు, పది సార్లకు ఏడుసార్లు బారు వాడిని వెనక్కి పడేస్తుంది, లేచి చేతులు దులుపుకుని నవ్వుతాడు. ఆ నవ్వంటే నాకు చాలా ఇష్టం, అంతమంది ముందు పడి అలా నవ్వడం నావల్ల కాదు. ఇక ఆడపిల్లలు. ఒక్కరూ అరవరు. నేల చూస్తూ వెళ్తారు. బారు ముందు నిలబడి ప్లేట్ల రంగులు చూస్తారు, ఎర్రది ఇరవై ఐదు, నీలం ఇరవై, పసుపు పదిహేను, పచ్చది పది, ఏడో తరగతి పిల్లకు కూడా తెలుసు. అంటే అంకె వాళ్ళకు తెలిసిపోతుంది. మేం దాచామని మేం సంతోషపడుతుంటే, తెలియనట్టు ఉండి మా సంతోషాన్ని కాపాడతారు. ఇన్నేళ్ళు పట్టింది నాకు ఇది అర్థం కావడానికి.

అర్థమైంది ఎంపీఎడ్ సిద్ధాంత వ్యాసం దగ్గర. పోటీ ఒత్తిడిలో బాలబాలికల ప్రదర్శన భేదాలు, అది నా అంశం. అలీ సాహెబు ఇనప్పెట్టెలో పదకొండేళ్ళ పోటీల కాగితాలున్నాయి, ఒక్కటీ పారెయ్యలేదు, చెదలు తిన్నవి కూడా. నేను మూడో గడి ఒక్కటే తీసుకున్నాను, ఒత్తిడంతా మూడో గడిలోనే కదా, దాని తర్వాత ఇంకోటి లేదు. మగపిల్లలవి రెండు వందల అరవై, ఎత్తినవి ఎనభై ఒకటి. ఆడపిల్లలవి నూట తొంభై, అందులో నూట యాభై ఆరుగురు బారు దగ్గరికొచ్చారు, ఎనభై ఎనిమిది మంది ఎత్తారు. లెక్క రెండుసార్లు చేశాను. సగం కంటే ఎక్కువ. మగపిల్లలు మూడో వంతు కూడా లేరు. మరి మిగతా ముప్పై నాలుగు. ఎత్తలేకపోతే అంకె మీద కొట్టివేత ఉంటుంది, బారు దగ్గరికే రాకపోతే చిన్న అడ్డగీత. ముప్పై నాలుగు అడ్డగీతలు. మగపిల్లలవి ఐదు. మా గైడు గారు ఆ ముప్పై నాలుగు చూసి కళ్ళజోడు పైకి తోసుకుని, ‘చూశావా, తేడా ఇక్కడుంది. వచ్చినవాళ్ళు ఎత్తారు సరే, చివరి క్షణంలో వెనకడుగు వేసేవాళ్ళు ఆడపిల్లల్లో ఎక్కువ, ఇది రాయి’ అన్నారు. రాశాను. చక్కగా టైపు చేయించాను. పెద్దవాళ్ళు చెబితే రాయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు, రాసినందువల్లే ఇంతదాకా వచ్చాను. ఆ కాగితం తీసుకెళ్ళి అలీ సాహెబుకు చదివి వినిపించాను, ఆయన కాగితాలు కదా, మర్యాద కోసం. ఆయన బారుకు ఆయిలు పెడుతూ మొత్తం విన్నాడు. విని, ‘అంతా బానే ఉందయ్యా యలమందా. ఈ గీతలు ఎవరు గీశారు’ అన్నాడు. అర్థం కాలేదు. ‘కార్డు మీద సంతకం ఎవరిది, పిల్లలదా, మనదా’ అన్నాడు. అని మళ్ళీ ఆయిలు పెట్టుకుంటున్నాడు. ‘నావీ ఉన్నాయిలే అందులో’ అన్నాడు, ‘ఒక పదో పన్నెండో.’

నాది ఒకటే ఉంది. ఒక్కటి. వద్దు, ఇప్పుడు అది వద్దు, ఈ పిల్లకు టేపు చుట్టాలి. బొటనవేలు చాపింది. రెండు చుట్లు, గట్టిగా కాదు, రక్తం ఆడాలి. ఈ వేలికీ వాళ్ళక్క వేలికీ పోలిక ఎంత ఉందో. ఇద్దరికీ గోరు పక్కన పొడుగు మచ్చ, పత్తి తీసే చేతులకు పడే మచ్చ, ఎండిన పత్తికాయ మొన చీల్చేది అక్కడే. మూడేళ్ళ కిందట దర్శిలో ఇలాగే చుట్టాను. ఫిబ్రవరి, మిరప కోతల రోజులు. ఆశ్రితకు అప్పుడు పదిహేడు. ముందు రోజు సాయంత్రం దాకా కోతలో ఉంది, వాళ్ళమ్మ పక్క సాలులో. కోత కోసిన చేతులు రాత్రంతా మండుతాయి, అందరూ ఆముదం రాసుకుంటారు, ఆశ్రిత రాసుకోలేదు, ఆముదం రాస్తే తెల్లారి బారు జారుతుందని. మజ్జిగలో చేతులు పెట్టుకుని పడుకుందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. దర్శిలో స్కూలు ఆవరణలో షామియానా వేసి పెట్టారు పోటీ. ఆశ్రిత రెండు ప్రయత్నాలు ఎత్తింది, అసలు ఎత్తినట్టే లేదు, అల్మారాలో గిన్నె పెట్టినంత నింపాదిగా పెట్టింది తల మీద. మూడోది డెబ్బై ఆరు ఎత్తితే రాష్ట్ర జట్టు. నేను కార్డు మీద డెబ్బై ఆరు వేసే వచ్చాను. వచ్చి చూస్తే ఆ పిల్ల కళ్ళు రెండూ ఎర్రగా, ధారగా నీళ్ళు, ముక్కు కారుతోంది, ఊపిరి ఎగబీలుస్తోంది, తువ్వాలుతో తుడుచుకున్నకొద్దీ ఇంకా ఎక్కువ. ‘ఏంటమ్మా’ అన్నాను. ‘ఏడవట్లేదు సార్’ అంది. నేనడగలేదు ఏడుస్తున్నావా అని. అడగకుండానే చెప్పిందంటే ఏడుస్తున్నట్టే కదా అనుకున్నాను. చెయ్యి పట్టుకుని నాడి చూశాను, నూట ముప్పై ఎనిమిది. ‘నిజంగా ఏడవట్లేదు సార్, మంట’ అంది. ‘పర్లేదమ్మా, పర్లేదు’ అన్నాను. ఎంత మెత్తగా అన్నానో. పరిగెత్తి బల్ల దగ్గరికెళ్ళి మూడో గడిలో అంకె కొట్టేసి గీత గీసి సంతకం పెట్టాను. మంచిపని చేసినవాడిలా తిరిగొచ్చాను. ఆ పిల్ల నా మొహం చూసింది. బెల్టు విప్పుకుంది.

బల్ల దగ్గర ఒకాయన వరసగా తుమ్ముతున్నాడు, ఆ రోజు, అది చూశాను. పక్కన నెల్లూరు నుంచి వచ్చిన రిఫరీ దగ్గుతూ జేబురుమాలు మూతికి పెట్టుకున్నాడు, అదీ చూశాను. నాకేమీ అనిపించలేదు. మిరప కళ్ళం పక్కన పుట్టి పెరిగిన ముక్కు నాది, నాకు ఆ ఘాటు గాలితో సమానం. తిరుగు ప్రయాణంలో బస్సు అద్దంకి దాటాక ఆశ్రిత సంచిలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకోబోయింది. ముందు సీటు ముసలాయన తుమ్మాడు, వెనక ఇద్దరు దగ్గారు, కండక్టరు ముక్కు మూసుకుని, ‘ఎవరమ్మా బస్సులోకి మిరపకాయలు తెచ్చింది, గూడ్సు టిక్కెట్టు కొట్టాలి’ అన్నాడు. ‘కాయలు కాదన్నా, తువ్వాలు. మా అమ్మ కోతలో తలకు చుట్టుకునేది, తొందర్లో ఇది వచ్చేసింది సంచిలోకి’ అంది ఆశ్రిత. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నేను ఆమె ముందు సీట్లో కూర్చుని ఉన్నాను. వెనక్కి తిరగాలి. తిరగలేదు. కిటికీలోంచి పత్తి మోళ్ళు చూస్తూ గుంటూరు దాకా వచ్చాను. మర్నాడు చెబుదామనుకున్నాను, ఆ మర్నాడు ఇంటర్ పరీక్షలన్నాను, తర్వాత ఆ పిల్ల షెడ్డుకు రావడం మానేసింది, గొడవేమీ లేకుండా, బైపాసు పక్కన కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర ఉద్యోగం, మిరప బస్తాలు, టిక్కీలంటారు, తూయించి చీటీ రాయడం. చెల్లెల్ని పొద్దున్నే స్కూటీ మీద షెడ్డు దగ్గర దించి వెళ్తుంది. గుడ్ మార్నింగ్ సార్ అంటుంది. నేను గుడ్ మార్నింగ్ అంటాను. మూడేళ్ళు.

ఆ రోజు నాడులు రాసుకున్న నోట్‌బుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. ఒకే పేజీ. నజీర్, నాడి నూట నలభై, పక్కన నా చేతిరాత, ‘మంచి ఊపు మీదున్నాడు’. ఆశ్రిత, నూట ముప్పై ఎనిమిది, పక్కన నా చేతిరాత, ‘కంగారు’. ఆ రోజు నజీర్ స్కూలు బాత్రూములో వాంతి చేసుకుని వచ్చాడు, వాడి కార్డు నేను ముట్టుకోలేదు. వీపు మీద ఒకటి చరిచి పంపాను. పడ్డాడు. నవ్వాడు. ఆ మరుసటి ఏడు ఎత్తాడు. భేదాలు, బాలబాలికల ప్రదర్శన భేదాలు. అలీ సాహెబు మాట తర్వాత ఆ ముప్పై నాలుగు గీతల పిల్లల్ని వెతికాను, పంతొమ్మిది మంది దొరికారు. ఒకమ్మాయి నరసరావుపేటలో నర్సు, ఒకామె పొన్నూరులో ఇద్దరు పిల్లల తల్లి, ఒకామె పోలీసు కానిస్టేబులు, ఆమె నన్నే విచారణ చేసింది ఎందుకడుగుతున్నారని. మూడోసారి ఎందుకు ఎత్తలేదమ్మా అంటే పదిహేడు మంది ఒకటే చెప్పారు, సార్ వద్దన్నారు. ఇద్దరు మాత్రం, నేనే వద్దన్నా సార్, మోకాలు నొప్పి అన్నారు. కానిస్టేబులు చివర్లో ఫోన్ పెట్టేస్తూ, ‘ఎత్తేదాన్నేమో సార్’ అంది, అని, ‘ఏమో లెండి’ అంది. ఈ సంగతి గైడు గారికి ఇంకా చెప్పలేదు. వ్యాసం ఇవ్వడానికి ఇంకా పది రోజులుంది.

ఫోను. ఆశ్రిత. ఎత్తాలి, జాబితాలో ఉంది. ‘ఏమైంది సార్, అమ్మ ఇక్కడికి నాలుగుసార్లు చేసింది’ అంటోంది, వెనక హమాలీల అరుపులు. కరెంటు పోయింది, ఫలానా ఫలానా అని చెప్పాను. ‘ఎంత వేస్తున్నారు సార్’ అంది. ఎనభై ఒకటి అన్నాను. ‘ఊఁ. దాన్ని అడిగారా’ అంది. కార్డు చేతిలో ఇటూ అటూ తిప్పాను. ‘నేను కాటా దగ్గరున్నా సార్. టిక్కీ నలభై మూడు తూగుతోంది, ఒక్కొక్కరు వీపు మీద ఒకటేసుకుని పాటలు పాడుకుంటూ పోతున్నారు. అది రెండు టిక్కీలెత్తలేదా’ అని నవ్వింది. కిటికీ పక్కన చెల్లెలు కనిపిస్తోంది, చెవిలో అక్క. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పను అనిపించింది. ‘ఆశ్రితా, దర్శిలో ఆ తువ్వాలు’ అన్నాను. అవతల హమాలీ ఒకడు ఎవరినో ‘ఒరేయ్ పక్కకి జరగరా’ అన్నాడు. ‘బస్సులోనే తెలిసింది నాకు. చెప్పలేదు’ అన్నాను. ఆశ్రిత అంది, ‘తెలుసు సార్. మీ చెవులు ఎర్రబడ్డాయి, వెనక సీట్లోంచి కనపడ్డాయి.’ ‘మంట అని చెప్పాను కదా సార్ ఆ రోజు. మీకు వినపడలేదా, నమ్మలేదా’ అంది. కోపంగా కాదు. తూకం చీటీ మీద అంకె సరిచూసుకునే గొంతు. ‘నమ్మలేదు’ అన్నాను. ‘సరే సార్’ అంది, ‘లారీ వచ్చింది, ఉంటా. దాన్ని అడగండి.’

వాచ్‌మన్ ఇంకా రాలేదు. ఎండ కిటికీలోంచి ప్లాట్‌ఫాం దాకా పాకింది, బారు మీద ఎర్ర ప్లేటు సగం మెరుస్తోంది. శ్రీరమ్య దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేసరికి ఆ పిల్ల గోడవైపు తిరిగి ఉంది, భుజాలు కదులుతున్నాయి. నా భుజం మీద కొత్త తువ్వాలు. ఇంకో గుడ్డేదీ తగల్లేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఇది కారం కాదు. ఇది నిజం ఏడుపు. మూడేళ్ళుగా నేననుకున్నదేమిటి, అవి కారం కన్నీళ్ళని తెలిసి ఉంటే ఎత్తనిచ్చేవాడిని అని. తప్పు నా ముక్కుదే అని. ఆ రోజు అవి నిజం కన్నీళ్ళే అయ్యుంటే, గీత గియ్యడం సరైన పనే అయ్యేదా. నజీర్ వాంతి నిజం వాంతే కదా. పెన్ను నా జేబులో ఉంది, దాని బరువు తెలుస్తోంది, చెయ్యి దానంతటదే అటు పోతోంది, ఎనభై ఒకటి కూడా కాదు, గీతవైపు పోతోంది, నా చెయ్యి ఇంకా మారలేదు, మనసు మారిందనుకున్నాను గానీ చెయ్యి మారలేదు. చెయ్యి వెనక్కి కట్టుకున్నాను. ‘రమ్యా’ అన్నాను. తిరిగింది. దాచుకోలేదు. బుగ్గ మీద నీళ్ళను భుజానికి రుద్దుకుంది, అరచేత్తో కాదు, కోత కోసే ఇళ్ళల్లో పిల్లలెవరూ అరచేత్తో కళ్ళు తుడుచుకోరు. ‘ఏడుస్తున్నావా’ అన్నాను. ‘ఆ సార్’ అంది. ‘భయమా?’ ‘భయమే సార్.’ కార్డు గట్టిగా పట్టుకున్నాను. ‘మీక్కూడా వేస్తోంది కదా’ అంది, ‘కార్డు చూడండి ఎలా తడిసిపోయిందో. నాది కళ్ళల్లోంచి వస్తోంది, మీది చేతుల్లోంచి వస్తోంది.’ కార్డు చూశాను. మూలలు మెత్తబడి ఉన్నాయి. ‘ఎనభై ఒకటైతే మూడో స్థానం. ఎనభై మూడైతే జట్టు. ఎత్తలేకపోతే ఏమీ లేదు’ అన్నాను. నా జీవితంలో ఒక ఆడపిల్లకు అంకె చెప్పడం అదే మొదటిసారి. ‘తెలుసు సార్’ అంది, ‘పొద్దున్నించి లెక్కేస్తున్నా.’ ‘ఎంత రాయమంటావు.’ ముక్కు ఎగబీల్చింది. ‘ఎనభై మూడు’ అంది. ‘ఏడుపు ఆగాక చెప్పినా పర్లేదమ్మా.’ ‘ఏడుపు ఆగక్కర్లేదు సార్. అది దాని పని అది చేసుకుంటుంది’ అని అరచేతులు చాపింది, చాక్ పౌడరు వెయ్యమని.

కరెంటు వచ్చింది. ఫ్యాన్లు ఒక్కసారి మొదలయ్యేసరికి పౌడరంతా మా ఇద్దరి మీదా పడింది. త్యాగరాజు గారికి కార్డిచ్చాను. ఆయన అంకె చూసి, కళ్ళు తుడుచుకుంటున్న పిల్లను చూసి, గొంతు తగ్గించి, ‘యలమంద గారూ, పిల్ల ఏడుస్తోందండీ’ అన్నారు. ‘అవునండీ’ అన్నాను. ‘ఆలోచించుకోండి మరి, ముప్పై సెకన్లుంది మార్చుకోవడానికి.’ ‘అంకె ఆ అమ్మాయిదేనండీ. నాది సంతకమే’ అన్నాను. ఆయన ఒక క్షణం చూసి పేరు పిలిచారు. ప్లేట్లు మార్చారు. గడియారం నడవడం మొదలుపెట్టింది. నేల చూస్తూ వెళ్ళింది. చెంపలు ఇంకా తడిగానే ఉన్నాయి, దీపాల కింద తెలుస్తోంది. చరుచుకోలేదు, అరవలేదు, పైకప్పు చూడలేదు. ఎవరికీ ఏమీ నిరూపించే పని లేనట్టు వంగింది. బారు మోకాళ్ళు దాటింది, భుజాల మీదికొచ్చింది, కింద కూర్చుండిపోయింది, కూర్చున్నచోటే ఆగిపోయింది, అక్కడ ఎంతసేపు ఉందో, నాకైతే దర్శి నుంచి గుంటూరు దాకా ఉన్నట్టుంది. లేచింది. ఒక్క ఊపిరి. భుజాల నుంచి తల మీదికి తోసింది, కుడిమోచెయ్యి కొంచెం వణికింది, పాదాలు సర్దుకుంది, నిలిచింది. నిలిచే ఉంది. దించమని సైగ వచ్చాక కూడా ఒక క్షణం ఉంది, అది నాకోసమో వాళ్ళక్క కోసమో. రెండు తెల్ల దీపాలు, ఒక ఎర్ర దీపం. రెండు చాలు. దిగొచ్చి నా భుజం మీద తువ్వాలు తీసుకుని ఈసారి మొహం నిండా తుడుచుకుంది. ‘ఎనభై నాలుగు అడిగినా ఎత్తేదాన్ని సార్’ అంది. నజీర్ కూడా ఇలాగే అంటాడు.

ఇదంతా ఆ గంట అయిన వారానికి రాస్తున్నాను. వ్యాసంలో ఆ పేరా తీసేశాను. మూడో గడికి పట్టికలో కొత్త వరస ఒకటి పెట్టి, ‘నిర్ణయం ఎవరిది’ అని రాశాను, ముప్పై నాలుగింటిలో పదిహేడింటికి ‘శిక్షకుడిది’, రెండింటికి ‘క్రీడాకారిణిది’, పదిహేనింటికి ‘తెలియదు’. ఆ పదిహేడులో ఒకదాని కింద నా పేరు వేసుకున్నాను. గైడు గారు ఏమంటారో తెలియదు. ఆడపిల్లలు ఒత్తిడిలో మగపిల్లల కంటే గట్టివాళ్ళా అని నన్నడిగితే, నా కాగితాలు అంత మాట చెప్పవు, బారు దాకా వెళ్ళనిచ్చిన చోట వాళ్ళేం చేశారో మాత్రం చెబుతాయి. శ్రీరమ్యను గుర్తుపెట్టుకోమని మిమ్మల్ని అడగను, జాతీయ పోటీలకు వెళ్తోంది, పేపరు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది, సుబ్బరావమ్మ గారు దాన్ని కోల్డ్ స్టోరేజీలో కాటా పైన అంటించమని పెద్దకూతురికిచ్చారు. ఆ కాటా పక్కన నిలబడి చీటీలు రాసే అమ్మాయి పేరు ఆశ్రిత. దర్శి, మూడో ప్రయత్నం, డెబ్బై ఆరు కిలోలు, మూడో గడిలో అడ్డగీత. ఎత్తి ఉండేదని నేను చెప్పలేను. అది ఎవరికీ తెలియకుండా చేసింది నేను. ఎత్తినవాళ్ళకూ ఎత్తలేకపోయినవాళ్ళకూ కాగితం మీద అంకె ఉంది, ఆమెకు అదీ లేదు. అందుకని అడుగుతున్నాను, ఆశ్రితను గుర్తుపెట్టుకోండి.